ఆ చాట్‌కు ఏకైక సాక్షి

ఏడో తరగతి పిల్ల వాట్సాప్‌లో "హాయ్" అని టైపు చేసి పంపగానే, ఆ మాట ఫోన్ దాటకముందే ఎవరికీ అర్థంకాని అంకెల గుంపుగా మారిపోతుంది. దాన్ని మళ్లీ మాటగా మార్చే తాళంచెవి అవతలివాళ్ల ఫోన్‌లోనే ఉంటుంది. ఇంట్లోని వైఫై రౌటర్ గానీ, సిమ్ ఇచ్చిన కంపెనీ గానీ, ఆఖరికి వాట్సాప్ సర్వర్ గానీ దాన్ని చదవలేవు. ఎవరు ఎవరికి ఎప్పుడు పంపారన్న ఆనవాళ్లు కంపెనీకి తెలుస్తాయి, ఏం పంపారన్నది తెలియదు. 2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్‌లో మనుషులు మాట్లాడుకునే చాట్‌లకూ కాల్స్‌కూ ఇదే ఏర్పాటు. ఫేస్‌బుక్ మెసెంజర్ కూడా 2023 డిసెంబరులో వ్యక్తిగత చాట్‌లను ఈ దారిలోకి మళ్లించడం మొదలుపెట్టింది. ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ అని పత్రికల్లో తరచూ చదివేది దీని గురించే.

ఈ ఏర్పాటు మంచిదే. ఇంట్లో తీసిన పాప ఫొటో గల్ఫ్‌లో ఉన్న నాన్నకు చేరేదాకా మధ్యలో ఎవడూ తొంగిచూడలేడంటే కారణం ఇదే. దీన్ని తీసేయాలని నేను అనను. కానీ దీని పర్యవసానం ఒకటి తల్లిదండ్రులకు స్పష్టంగా తెలియాలి. చాట్‌లో జరిగేదానికి రెండు కొసల్లోనే సాక్షులుంటారు. ఒక కొసన కీడు తలపెట్టినవాడు కూర్చుంటే, ఇక మిగిలిన సాక్షి ఆ పిల్ల ఒక్కతే. అందుకే ఏ యాప్ మంచిది, ఏ వయసుకు ఫోన్ ఇవ్వాలి అన్న ప్రశ్నల కంటే ముందు అడగాల్సింది ఒకటుంది: చెప్పాల్సి వస్తే ఆ పిల్ల చెప్పగలదా?

పాతికేళ్ల కిందట పరిస్థితి వేరు. 1996లో ఐసీక్యూ, 1998లో యాహూ మెసెంజర్ వచ్చాయి. ఆ కాలపు చాట్ రూముల్లో ముక్కూమొహం తెలియనివాళ్లు పదులకొద్దీ ఒకేచోట మాట్లాడుకునేవారు. పిల్లల కోసం మాటువేసే మనుషులు అక్కడికి చేరుతున్నారని చెప్పి 2003 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ 28 దేశాల్లో ఎంఎస్ఎన్ చాట్ రూములను మూసేసింది. అప్పుడు మూయడానికి కనీసం ఒక గది ఉండేది. ఇప్పుడు పరిచయం ఒకచోట, సంభాషణ ఇంకోచోట జరుగుతున్నాయి. ఆటలో జట్టుకట్టినవాడు, రీల్ కింద మెచ్చుకుంటూ కామెంట్ పెట్టినవాడు రెండు మూడు రోజుల్లో ఒక మాట అంటాడు: "ఇక్కడ వద్దులే, నీ వాట్సాప్ నంబర్ ఇవ్వు." లేదా "టెలిగ్రామ్‌కి రా." కాస్తోకూస్తో నిఘా ఉన్నచోటు నుంచి ఏ నిఘా లేనిచోటుకు పిల్లను తీసుకుపోయే మాట అది. పిల్లలకు పది జాగ్రత్తలు నేర్పే ఓపిక లేకపోతే ఈ ఒక్క వాక్యాన్ని గుర్తుపట్టడం నేర్పినా చాలా మేలు.

ఆస్ట్రేలియా 2024 నవంబరులో చట్టం చేసి, 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చేసింది. ప్రపంచమంతా దాని గురించి మాట్లాడుకుంది. అయితే వాట్సాప్ లాంటి మెసేజింగ్ యాప్‌లను ఆ నిషేధంలోకి తేలేదు. పిల్లలు అమ్మానాన్నలతో మాట్లాడాలన్నా ఇప్పుడు అవే కావాలి కదా. అంత కఠినమైన చట్టం కూడా ఈ గుమ్మం దగ్గర ఆగిపోయింది.

మన ఇళ్లలో మరో చిక్కుంది. 2020లో కరోనా వచ్చి బడులు మూతపడ్డాక ఆన్‌లైన్ క్లాసు పేరుతో ఫోన్ పిల్లల చేతికి వచ్చింది, బడులు తెరిచాక వెనక్కి వెళ్లలేదు. హోంవర్కు క్లాసు గ్రూపులోనే వస్తోంది. చాలా ఇళ్లలో ఆ ఫోన్ అమ్మది, నంబర్ అమ్మది, ఖాతా కూడా అమ్మ పేరు మీదే. కంపెనీలు పిల్లల కోసం పెట్టే రక్షణలన్నీ ఖాతాదారు వయసు చూసి పనిచేస్తాయి. ఇన్‌స్టాగ్రామ్ 2024 సెప్టెంబరులో తెచ్చిన టీన్ ఖాతాలో తెలియనివాళ్లు నేరుగా మెసేజ్ పంపలేరు, ఖాతా దానంతటదే ప్రైవేటుగా ఉంటుంది. మంచి ఏర్పాటే. కానీ అమ్మ ఫోన్‌లో, అమ్మ పుట్టినతేదీతో తెరిచిన ఖాతాలో పదకొండేళ్ల కొడుకు చాట్ చేస్తుంటే యాప్ దృష్టిలో అతను ముప్పై ఆరేళ్ల మనిషి. ఏ రక్షణా అతన్ని తాకదు. 2023 నాటి మన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కించి, వాళ్ల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంది. ఫోనే తల్లిదండ్రులదైనప్పుడు ఆ అనుమతి ఎవరి వేలితో నొక్కినా ఒకటే అవుతుంది.

ఇక మచ్చిక చేసుకునే తీరు చూద్దాం. పోలీసులూ పరిశోధకులూ దీన్ని గ్రూమింగ్ అంటారు. రేచెల్ ఓకానెల్ అనే పరిశోధకురాలు ఇంగ్లండ్‌లోని సెంట్రల్ లాంకషైర్ విశ్వవిద్యాలయం నుంచి చాట్ రూముల్లోకి చిన్నపిల్లలా వెళ్లి, అక్కడ పెద్దవాళ్లు ఎలా పలకరిస్తారో గమనించి 2003లో ఒక నివేదిక రాశారు. అందులో ఆమె చెప్పిన దశలు ఈనాటికీ పనికొస్తాయి. మొదట స్నేహం. తర్వాత ఇంటి సంగతులు, బడి సంగతులు. ఆ తర్వాత వచ్చే దశను ఆమె ప్రమాదాన్ని అంచనా వేసుకోవడం అన్నారు. ప్రమాదం పిల్లకు కాదు, తనకు! కంప్యూటర్ ఇంట్లో ఎక్కడుంది, ఇంకెవరెవరు వాడతారు అని ఆరా తీస్తాడు. తర్వాత "నిన్ను నాలా అర్థం చేసుకునేవాళ్లు లేరు, ఇది మనిద్దరి మధ్యే ఉండాలి" అంటాడు. అసలు ఉద్దేశం బయటపడేది వీటన్నిటి తర్వాతే.

ఇప్పటి తెలుగు చాట్‌లో ఇవే ప్రశ్నలు ఇలా ఉంటాయి: "తిన్నావా?" "ఇంకా పడుకోలేదా?" "అమ్మ మళ్లీ తిట్టిందా?" "ఈ ఫోన్ నీదేనా, ఇంట్లో ఇంకెవరైనా చూస్తారా?" "మన చాట్ డిలీట్ చేశావా?" మొదటి మూడూ ఏ అత్తయ్యో అడిగేలాంటివే. వాటిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు, పిల్లలకు అనుమానం రాకపోవడంలో వింతా లేదు. చివరి రెండు ప్రశ్నల్లోనే గుట్టు ఉంది. మంచి ఉద్దేశంతో మాట్లాడేవాళ్లకు ఆ ఫోన్ ఇంకెవరు చూస్తారన్నది అవసరం లేదు. రహస్యం కోరడమే ప్రమాద సంకేతమని పిల్లలకు చెబితే, అవతలివాడు తెలిసినవాడైనా తెలియనివాడైనా అది పనిచేస్తుంది. "అపరిచితులతో మాట్లాడకు" అన్న పాఠం సగమే పనిచేస్తుంది. పిల్లలపై లైంగిక నేరాల చట్టమైన పోక్సో కింద నమోదైన కేసుల్లో నిందితులు అత్యధికంగా బాధితులకు ముందే తెలిసినవాళ్లని జాతీయ నేర గణాంక సంస్థ లెక్కలు ఏటా చెబుతున్నాయి. ట్యూషన్ మాస్టారు, దూరపు చుట్టం, పక్కింటి అన్నయ్య కూడా రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టగలరు.

ముఖం చూడని మనిషిని పిల్లలు అంతగా ఎందుకు నమ్ముతారు? దీనికి జోసెఫ్ వాల్తర్ అనే కమ్యూనికేషన్ శాస్త్రవేత్త 1996లో ఒక వివరణ ఇచ్చాడు. ఎదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడు గొంతు, చూపు, తడబాటు, వయసు అన్నీ కనబడిపోతాయి. రాతలో అవేవీ ఉండవు. రాసేవాడు తీరిగ్గా ఆలోచించి తనలోని మంచినే ఏరి పంపుతాడు. చదివేవాళ్లు ఖాళీలన్నిటినీ తమకు నచ్చినట్టు పూరించుకుంటారు. అందువల్ల ఒక్కోసారి ఎదురెదురుగా కలిసినప్పటికంటే చాట్‌లోనే ఎక్కువ దగ్గరితనం పుడుతుందన్నాడు. పెద్దలకే ఇలా జరుగుతుంటే, తమను ఎవరూ పట్టించుకోవడం లేదనుకునే పదమూడేళ్ల వయసులో ఎంత బలంగా జరుగుతుందో ఊహించవచ్చు.

ఆ వయసు మెదడు గురించి కూడా చెప్పుకోవాలి. మెచ్చుకోలుకు, కొత్తదనానికి స్పందించే భాగాలు కౌమారం మొదట్లోనే చురుకవుతాయి. ఆగి ఆలోచించమని చెప్పే నుదుటి వెనుక భాగం మాత్రం ఇరవై దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. అమెరికాలో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 2005లో ప్రచురించిన ప్రయోగం ఈ తేడాను చక్కగా పట్టిచ్చింది. కంప్యూటర్ మీద కారు నడిపే ఆట. పసుపు దీపం వెలిగాక ఆగాలా, సాగాలా? ఒంటరిగా ఆడినప్పుడు పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లలు పెద్దల కంటే పెద్దగా తెగించలేదు. పక్కన స్నేహితులు నిలబడగానే తెగింపు బాగా పెరిగింది. ఇరవై నాలుగు దాటినవాళ్లలో స్నేహితులున్నా లేకున్నా ఆ మార్పు రాలేదు.

ఆ ప్రయోగం చాట్ మీద చేసింది కాదు. అయినా దాన్నుంచి ఒక పాఠం తీసుకోవచ్చని నాకనిపిస్తుంది. ఫోన్ చేతిలో ఉన్నంతసేపూ పిల్లల పక్కన స్నేహితులు నిలబడే ఉన్నారు. పగటిపూట భోజనాల దగ్గర "ఫొటోలు పంపకూడదు" అని చెప్పిన పిల్లే రాత్రి పూట ఎవరో పదేపదే అడిగితే పంపేయవచ్చు. "నీకు తెలియదా? అన్నిసార్లు చెప్పాను కదా!" అని గదమాయించడం అందుకే దండగ. తెలుసు. తెలిసినది ఆ క్షణంలో పనికిరాలేదు, అంతే.

మెచ్చుకోలుతో మొదలై నెలలు సాగేది ఒక రకమైతే, గంటల్లో ముగిసేది ఇంకో రకం. ఇందులో ఎక్కువగా దెబ్బతినేది మగపిల్లలు. మన ఇళ్లలో జాగ్రత్తలన్నీ ఆడపిల్లలకే చెబుతాం కాబట్టి దీన్ని గట్టిగా చెప్పాలి. అమ్మాయి ఫొటో ఉన్న ఖాతా నుంచి పరిచయం మొదలవుతుంది. అవతలి నుంచే ముందు ఒక ఫొటో వస్తుంది, బదులు అడుగుతారు. పంపిన నిమిషానికి మాట మారుతుంది. ఆ కుర్రాడి ఫాలోయర్ల జాబితా, బడి పేరు, చెల్లెలి ఖాతా అన్నీ స్క్రీన్‌షాట్లుగా వచ్చిపడతాయి. డబ్బు పంపకపోతే అందరికీ పంపుతామంటారు. 2022లో అమెరికాలోని మిషిగన్‌లో పదిహేడేళ్ల కుర్రాడు ఇలాంటి బెదిరింపు మొదలైన కొన్ని గంటల్లోనే ప్రాణం తీసుకున్నాడు. బెదిరించింది వేల మైళ్ల దూరంలో నైజీరియాలో కూర్చున్న యువకులు. వాళ్లలో ఇద్దరు అన్నదమ్ములను అమెరికాకు రప్పించి విచారించారు, 2024లో ఇద్దరికీ పదిహేడున్నరేళ్ల చొప్పున జైలుశిక్ష పడింది.

ఇప్పుడు ఫొటో పంపాల్సిన అవసరం కూడా లేదు. డీపీలోని ముఖాన్ని తీసి మరో శరీరానికి అతికించే ఏఐ పరికరాలు వచ్చాయి. ఏ తప్పూ చేయని పిల్లకూ అదే బెదిరింపు వస్తుంది. బెదిరించేవాడి బలమంతా ఒకే నమ్మకం మీద నిలబడి ఉంటుంది: ఈ పిల్ల ఇంట్లో చెప్పదు. చెప్తే కొడతారు, చదువు మాన్పిస్తారు, పరువు పోయిందని ఏడుస్తారు, తక్కువలో తక్కువ ఫోన్ లాక్కుంటారు. ఈ ఆఖరిదాన్ని పెద్దలు చిన్నగా చూస్తారు. పదిహేనేళ్ల పిల్లకు ఫోన్ పోవడమంటే స్నేహితులంతా ఒక్కసారిగా పోవడమే. "ఇలాంటివి జరిగితే ఫోన్ ఇవ్వను" అని ముందే హెచ్చరించే అమ్మానాన్నలు తమకు తెలియకుండానే ఆ బ్లాక్‌మెయిలర్‌కు సాయపడుతున్నారు. నోరు మూయించే పని సగం వాళ్లే చేసిపెట్టారు.

అందుకే మాట ముందే ఇవ్వాలి, ఏమీ జరగని రోజున, మామూలుగా కూర్చున్నప్పుడు. "ఎవరైనా ఏదైనా అడిగినా, నువ్వు పంపేసినా, మాకు చెప్పు నాన్నా. చెప్పినందుకు ఫోన్ తీసుకోం, తిట్టం." ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం కష్టమే. ఆ రోజు వచ్చినప్పుడు చేతులు వణుకుతాయి, కోపం వస్తుంది. అయినా నిలబడాలి. అమ్మానాన్నలకు చెప్పలేని పిల్లలుంటారు, వాళ్లకు మరో పేరు ఇవ్వాలి. పిన్నో, మేనమామో, ఫలానా టీచరో. "నాకు చెప్పలేకపోతే పిన్నికి చెప్పు, ఆవిడ నాకు చెప్పకపోయినా ఫర్లేదు" అనగలిగితే ఇంకా మంచిది.

యంత్రాలు ఏమీ చేయలేవని కాదు. 2009లో మైక్రోసాఫ్ట్, డార్ట్‌మత్ కాలేజీలోని హానీ ఫరీద్ కలిసి ఫొటోడీఎన్ఏ తయారుచేశారు. పిల్లలపై అకృత్యాల చిత్రమని ఒకసారి తేలినదానికి అది వేలిముద్ర లాంటి సంఖ్యల వరుస కడుతుంది. బొమ్మను నలుపు తెలుపుగా మార్చి, గళ్లుగా విడగొట్టి, ప్రతి గడిలో వెలుగునీడల తేడాలను లెక్కిస్తుంది. సైజు కాస్త మార్చినా వరుస పెద్దగా మారదు కాబట్టి అదే బొమ్మ మళ్లీ ఎక్కడ తేలినా పట్టుకుంటుంది. అమెరికాలో తప్పిపోయిన, అకృత్యాలకు గురైన పిల్లల కోసం పనిచేసే ఎన్‌సీఎంఈసీ సంస్థకు కంపెనీలు పంపే ఫిర్యాదులు ఎక్కువగా ఇలాంటి పద్ధతుల్లో దొరికినవే. వాటిలో మన దేశానికి చెందినవాటిని అందుకోవడానికి 2019లో మన జాతీయ నేర గణాంక సంస్థ ఒప్పందం కుదుర్చుకుంది. కానీ తాళం వేసిన చాట్‌లోకి సర్వర్ తొంగిచూడలేదు కాబట్టి ఈ పద్ధతి అక్కడ ఆగిపోతుంది. యాపిల్ 2021 ఆగస్టులో మరో దారి ప్రకటించింది. ఐక్లౌడ్‌కు ఎక్కించే ఫొటోలను ముందు ఫోన్‌లోనే సరిచూస్తామంది. ఒకసారి ఆ తలుపు తెరిస్తే ప్రభుత్వాలు ఇంకేవేవో వెతకమంటాయని భద్రతా నిపుణులు గట్టిగా అడ్డుచెప్పారు. 2022 డిసెంబరులో యాపిల్ ఆ ఆలోచన విరమించుకుంది. దానితోపాటు ప్రకటించిన మరో సదుపాయం మాత్రం నిలిచింది: పిల్లల ఐఫోన్‌కు నగ్నచిత్రం వస్తే ఫోనే దాన్ని మసకబార్చి, చూడాలా వద్దా, ఎవరికైనా చెబుతావా అని అడుగుతుంది. ఆ లెక్క ఫోన్ దాటి ఎక్కడికీ పోదు. పదమూడేళ్లలోపు పిల్లల విషయంలో వెంటనే తల్లిదండ్రులకు కబురు పంపాలని మొదట అనుకున్నారు. అన్ని ఇళ్లూ పిల్లలకు క్షేమం కాదని అభ్యంతరాలు రావడంతో అది మానేశారు. ఆ నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం. చెప్పడం పిల్ల చేతుల్లో ఉంటేనే ఆ పిల్ల చెబుతుంది.

వాట్సాప్‌లోని రిపోర్ట్ బటన్ కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. మామూలుగా కంపెనీ చదవలేని చాట్‌లోంచి, రిపోర్ట్ నొక్కినప్పుడు అవతలివాడు పంపిన చివరి ఐదు మెసేజ్‌ల దాకా కంపెనీకి చేరతాయి. తాళం తీసేది ఆ కొసన ఉన్న పిల్లే.

సెట్టింగులు త్వరగా చెప్పేస్తాను, ఒక సాయంత్రం పిల్లలతో కూర్చుని చేసుకోవచ్చు. గ్రూపుల్లో ఎవరు చేర్చవచ్చన్న చోట మన కాంటాక్టులకే వీలివ్వాలి. డీపీ, లాస్ట్ సీన్, స్టేటస్ కూడా అంతే. తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా ఆపే వీలుంది. రెండంచెల పిన్ పెట్టుకుంటే ఓటీపీ పోయినా ఖాతా సులువుగా పోదు. లింక్డ్ డివైసెస్‌లో మనవి కాని కంప్యూటర్లేమైనా ఉన్నాయేమో అప్పుడప్పుడూ చూడాలి. ఫొటోను మామూలుగా పంపితే అది తీసిన చోటు వివరాలను వాట్సాప్ తొలగిస్తుంది, డాక్యుమెంటుగా పంపితే అవి ఉండిపోతాయి. యూనిఫాం మీది బ్యాడ్జీ మాత్రం ఎలా పంపినా ఉంటుంది. ఒకసారే చూసే ఫొటో సదుపాయం 2021లో వచ్చింది, తర్వాత దానికి స్క్రీన్‌షాట్ అడ్డంకి పెట్టారు, కానీ పక్కన ఇంకో ఫోన్ పెట్టి ఫొటో తీసేవాడిని ఏ యాపూ ఆపలేదు.

పిల్లల చాట్‌ను దొంగచాటుగా చదవవచ్చా అని చాలామంది అడుగుతారు. తొమ్మిదేళ్ల పిల్ల ఫోన్‌ను బాహాటంగా, తనకు చెప్పి చూడటంలో తప్పు లేదు. పదిహేనేళ్ల పిల్లవాడి వాట్సాప్‌ను రహస్యంగా ల్యాప్‌టాప్‌కు కలుపుకుని చదవడం వేరు. తెలిసిననాడు అతను మనకు కనిపించని ఇంకో ఖాతా తెరుస్తాడు, ఆ ఖాతాలో ఏం జరిగినా మనకు చెప్పడు.

ఇక పిల్ల వచ్చి చెప్పిన రాత్రి ఏం చేయాలి? ముందు పక్కన కూర్చోవాలి. ఒంటరిగా వదలకూడదు. డబ్బు పంపకూడదు, పంపితే రేటు పెరుగుతుందే తప్ప బెదిరింపు ఆగదు. చాట్ డిలీట్ చేయకూడదు. నంబర్, యూజర్ నేమ్, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీశాకే రిపోర్ట్, ఆ తర్వాతే బ్లాక్. అయితే పిల్ల ఫొటోను సాక్ష్యం పేరుతో బంధువులకు గానీ, కాలనీ గ్రూపుకు గానీ పంపకండి. అలా పంచడం ఐటీ చట్టంలోని 67బి సెక్షన్ కింద నేరం. ఫొటో బయటికి పోతుందని భయముంటే, ఎన్‌సీఎంఈసీ 2023లో మొదలుపెట్టిన టేక్ ఇట్ డౌన్ సేవ ఉంది. పద్దెనిమిదేళ్లలోపు తీసిన ఫొటోకు అది మన ఫోన్‌లోనే వేలిముద్ర తీసి, ఆ సంఖ్యలను మాత్రమే కంపెనీలకు పంపుతుంది. ఫొటో మన చేయి దాటదు, పేరు చెప్పక్కర్లేదు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో పిల్లలకు సంబంధించిన ఫిర్యాదును పేరు లేకుండానూ ఇవ్వవచ్చు. డబ్బు పోయి ఉంటే 1930కి, పిల్లకు ఏ సాయం కావాలన్నా 1098కి ఫోన్ చేయాలి. హైదరాబాద్‌లో షీ టీమ్స్, భరోసా కేంద్రం ఉన్నాయి. నేరం ఎక్కడ జరిగిందన్న దానితో పనిలేకుండా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి.

స్టేషన్ అనగానే చాలా కుటుంబాలు వెనక్కి తగ్గుతాయి. పిల్లను అక్కడ కూర్చోబెడతారని, పేరు పేపర్లో వస్తుందని భయం. 2012 నాటి పోక్సో చట్టం ఈ భయాన్ని ముందే ఆలోచించింది. పిల్ల వాంగ్మూలాన్ని ఇంటిదగ్గరో, తను కోరుకున్న చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాంలో ఉండకూడదు. ఏ కారణంతోనూ రాత్రిపూట పిల్లను స్టేషన్‌లో ఉంచకూడదు. పేరు, ఊరు, బడి, ఫొటో ఏదీ పత్రికలు బయటపెట్టకూడదు. అలా జరగకపోతే అడిగే హక్కు తల్లిదండ్రులకుంది, ఇవన్నీ ఆ చట్టంలోని 23, 24 సెక్షన్లలో ఉన్నాయి.